లాంచీ మావయ్య, పచ్చ షీటు

మొన్న గుడివాడలో ఒక బాలింతను చూడటానికి వెళ్ళాను. కొత్తగా కట్టిన డాబా ఇల్లు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపల అడుగు పెట్టేసరికి అరికాలికి సన్నటి గీతలు తగిలాయి. చూస్తే పచ్చ ప్లాస్టిక్ షీటు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచారు. ఇంటావిడ మురిసిపోతూ, "మద్రాసు నుంచి తెప్పించామండీ, తడిగుడ్డ పెడితే చాలు" అంది. బాగుందన్నాను. బాలింత నాడి చూశాను, బిడ్డ బొడ్డు చూశాను, పెట్టాల్సిన పథ్యం చెప్పాను. బయటికొచ్చి రిక్షా ఎక్కాక ఏడుపొచ్చింది. రిక్షా అతను వెనక్కి తిరిగి చూసి, ఆ ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడు.

పోయింది ఆ ఇంట్లో కాదు. నాగాయలంకలో, కిందటి వానాకాలంలో. కబురు నాకు ఆలస్యంగా అందింది. అందిన రోజున ఏడవలేదు, కోపం వచ్చింది. ఆయన మీద నాకున్న కోపం మనిషి పోయాడనగానే పోయే రకం కాదు.

పేరు రాయను. రాసినా మేమున్న దీవిలో ఎవరూ గుర్తుపట్టరు. పిల్లలకీ ముసలివాళ్ళకీ, ప్రార్థనకి వచ్చే పాస్టరుగారికీ ఆయన లాంచీ మావయ్యే. నేనూ అలాగే పిలిచాను. అప్పట్లో నేను నాగాయలంకకి దిగువన, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న దీవిలో మిషన్ వాళ్ళ చిన్న ఆసుపత్రిలో నర్సుని. ఆసుపత్రంటే ఒక గది, ఒక బల్ల, నేను. కాన్పు కష్టమైతే అవనిగడ్డ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ముందు నది దాటాలి. దాటించేది ఆయనే.

ఆ లాంచీ ఆయనకంటే ముసలిది. బెజవాడ నుంచి బందరు దాకా కాలవ మీద ఏళ్ళ తరబడి తిరిగి, బస్సులు ఎక్కువయ్యాక ఒడ్డున పడి ఉంటే ఈయన కొనుక్కొచ్చారు. పైన చెక్క డెక్కు. మగవాళ్ళూ చేపల గంపలూ దాని మీద. కింద నడుం వంచి దూరే గది, అది ఆడవాళ్ళకీ పిల్లలకీ. డెక్కు చెక్కల్లో టేకు సగమే మిగిలింది. పాడైన చోటల్లా మామిడి పలకలు వేసి నెట్టుకొస్తున్నారు.

మావయ్య జన్మలో చెప్పులు తొడగలేదు. బందరు వెళ్ళినా వట్టి కాళ్ళే. కళ్ళతో చూడాల్సినవి కూడా ఆయన అరికాళ్ళతో చూసేవారు. చుక్కాని దగ్గర అటు తిరిగి నిలబడి, ఎవరు ఎక్కారో చెక్క కదలికను బట్టి చెప్పేవారు. "నర్సమ్మగారూ, ఇయ్యాళ కోపంగా ఎక్కారే" అనేవారు నన్ను చూడకుండా. కోపంగానే ఎక్కేదాన్ని. లాంచీ ఎప్పుడూ ఆలస్యమే మరి.

ఏటా ఎండాకాలంలో రెండు రోజులు లాంచీ ఆపి, డెక్కు మీద మోకాళ్ళ మీద కూర్చుని సొరచేప నూనె పట్టించేవారు. పలక పలకకీ చేత్తో రుద్ది, గుడ్డతో తుడిచి, మళ్ళీ రుద్దేవారు. ఆ వాసనకి ఊళ్ళో కుక్కలన్నీ రేవు చేరేవి. నేను ముక్కు మూసుకుని నిలబడితే, "మీరు పసిబిడ్డలకి రాయరా నూనె? ఇదీ అంతే" అనేవారు.

ఆయన నోట తరచూ వచ్చే మాట ఒకటుంది. "గాలి దయ మీద మనిషి బతక్కూడదండీ." మొదట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత దీవిలోవాళ్ళు చెప్పారు. ఈయన భార్యని తొలి కాన్పుకి తెరచాప పడవలో తీసుకెళ్తుంటే నది మధ్యలో గాలి పడిపోయిందట. అంతే చెప్పారు. మిగతాది నేను అడగలేదు. ఆ తర్వాతే లాంచీ కొన్నారు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఎక్కిస్తే మిగతా జనం కోసం ఆగేవారు కాదు.

డెక్కు కారడం నేను వెళ్ళేసరికే ఉంది. పలకల సందుల్లో నార కూరి గుగ్గిలం కాచి పోసినా ఒక ఎండ కాయగానే విచ్చుకునేది. వానొస్తే వాన నీళ్ళు, లేకపోతే గంపల్లోంచి చేపల నీళ్ళు, కింద కూర్చున్న మా నెత్తిన పడేవి. ఆడవాళ్ళం గదిలో గొడుగులు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఒకరోజు పోర్టు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, కిందికి వంగి చూసి, కప్పు కింద గొడుగులేంటని నవ్వాడు. మాతోపాటు చాలాసేపు నవ్వాడు. పైకి వచ్చాక మాత్రం నవ్వకుండా, "మావయ్యగారూ, వచ్చే ఏడు తనిఖీకి వస్తాను. ఆ రోజు కింద చుక్క పడితే పాసింజర్ పర్మిట్ ఇవ్వను. మనుషుల్ని కాదు, గడ్డి వేసుకుని తిప్పుకోండి" అన్నాడు.

మంచివాడే. చెప్పాల్సింది చెప్పాడు. పర్మిట్ పోతే దీవికి మళ్ళీ తెరచాప పడవలే దిక్కు.

ఎండాకాలం రాగానే, డెక్కు మీద నీళ్ళు దిగనిది ఏదైనా పరవాలని, మావయ్య నన్ను తోడు రమ్మని బందరు తీసుకెళ్ళారు. గుడ్డలకీ రంగులకీ ఆడవాళ్ళు మేలని ఆయన నమ్మకం. నేలకి పరిచే సరుకు అమ్మే కొట్టు అది. కొట్టాయన మర్యాదస్తుడు. ముందు గోధుమరంగు లినోలియం చుట్ట విప్పి, "బంగళాల్లో అంతా ఇదేనండీ" అన్నాడు.

"బంగళాల్లో చేపల గంపలు దింపరు కదండీ" అని మావయ్య చంకలోంచి ఆకు పొట్లం తీశారు. అందులో జెల్ల చేపలు. నాకప్పటిదాకా తెలియదు, బస్సులో నా పక్కనే కంపుకొట్టింది ఇదన్నమాట. కొట్టాయన వద్దు వద్దంటుండగానే ఆ జిగటంతా లినోలియం మీద రుద్ది, కూజాలో నీళ్ళు పోసి, దాని మీద ఒంటికాలిమీద నిలబడి గిర్రున తిరగబోయారు. జారి బల్ల పట్టుకున్నారు. "ఇది మనుషుల్ని చంపుద్దండీ" అన్నారు తాపీగా.

పాత పద్ధతి ఇంకోటుంది. మందపాటి కాన్వాసు పరిచి, దాని మీద పూత మీద పూత రంగు వేయాలి. కొట్టాయన అదే మేలన్నాడు. ఒక్కో పూతా ఆరాలి, నెల పైనే లాంచీ ఆపాలి. "నెల్లాళ్ళు లాంచీ ఆపితే దీవిలో కాన్పులు ఆగుతాయా?" అని మావయ్య నా వైపు చూశారు. ఆగవన్నాను.

ఆఖరికి మూలనున్న పచ్చ చుట్ట బయటికొచ్చింది. ప్లాస్టిక్కు. బస్సుల్లో నేలకి వేయడానికి కొత్తగా వచ్చిందట. మీద సన్నటి గీతలు ఎత్తుగా ఉన్నాయి. దాని మీదా జెల్ల రుద్దారు, నీళ్ళు పోశారు, ఎక్కి నిలబడి కళ్ళు మూసుకున్నారు. "నర్సమ్మగారూ, చెప్పులు విడిచి ఒకసారి నిలబడండి." నలుగురూ చూస్తుంటే కొట్లో చేపల నీళ్ళలో నిలబడటమా? నిలబడ్డాను. కాలు కదల్లేదు. నిజంగానే పట్టుకుంది. ఆయన మొహం నేను అంత వెలుగ్గా అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

కొట్టాయన జిగురు డబ్బాలు కట్టిస్తూ, "చెక్క పొడిగా ఉండాలి, శుభ్రంగా ఉండాలి. అంతేనండీ" అన్నాడు. "పొడిగా ఉంటుంది, శుభ్రంగానూ ఉంటుంది" అన్నారు ఈయన. నూనె సంగతి కొట్టాయన అడగలేదు, మావయ్య చెప్పలేదు. పొద్దున తలకి నూనె రాసుకున్నామని కొట్లోకి వెళ్ళి చెబుతామా? ఆ నూనె కూడా అలాగే, మావయ్యకి అది చెప్పుకునే సంగతి కాదు.

షీటు వేసే ముందు చెక్కకి ఆఖరిసారి నూనె పట్టించారు. ఏటా పట్టించేదానికి రెట్టింపు. "ఇంక దీనికి ఎండ తగలదు, గాలి తగలదు. కడుపునిండా తాగనివ్వాలి కదండీ" అన్నారు. నాకు నవ్వొచ్చింది. "సీమంతం చేస్తున్నారా మావయ్యగారూ" అన్నాను. ఆయనా నవ్వారు. పైపైన గుడ్డతో తుడిచి, చేతికి తడి తగలట్లేదని నిర్ధారించుకుని, జిగురు పూసి షీటు అంటించారు. పచ్చగా మెరిసిపోయింది లాంచీ. దీవిలో జనం పని మానుకుని చూడటానికి వచ్చారు.

నూనె తాగిన చెక్కని జిగురు ఎలా పట్టుకుంటుంది? కొన్నాళ్ళు పట్టుకున్నట్టు నటించింది. వైశాఖం ఎండలకి షీటు బొబ్బలెత్తింది. ఆయన బొబ్బ మీద కాలు వేసి నొక్కితే అది పక్కకి పోయి లేచేది. అక్కడ నొక్కితే ఇంకోచోట. రోజంతా ఆ షీటు మీద ఒంటరిగా అడుగులేసుకుంటూ తిరిగేవారు. ఇసుక బస్తాలు పెట్టి చూశారు, కాచిన గుగ్గిలం పోసి చూశారు. ఏదీ ఆగలేదు. చివరికి అంచుల్లోనూ మధ్యలోనూ రేకు పట్టీలు పెట్టి మేకులు దిగ్గొట్టారు. మేకు దిగిన ప్రతిసారీ ఆయన మొహం తనకే గుచ్చుకున్నట్టు ముడుచుకునేది. ఆ మొహం చూడలేక నేను ఆసుపత్రికి వెళ్ళిపోయాను.

వానలొచ్చాయి. మొదట్లో కింద అక్కడక్కడ చుక్కలు పడ్డాయి. తర్వాత తగ్గాయి. కొన్నాళ్ళకి బొత్తిగా ఆగిపోయాయి. ఆడవాళ్ళు గొడుగులు తేవడం మానేశారు. మావయ్య గెలిచాడని దీవంతా అనుకుంది, నేనూ అనుకున్నాను.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మమ్మల్ని కింద కూర్చోబెట్టి తనూ టార్చిలైటుతో కూర్చున్నాడు. పైన బిందెలతో నీళ్ళు కుమ్మరించారు. అందరం తలలెత్తి చూస్తున్నాం, ఊపిరి తీస్తే ఎక్కడ చుక్క పడుతుందోనని. పడలేదు. మళ్ళీ కుమ్మరించారు. పడలేదు. ఇన్‌స్పెక్టరు నవ్వుతూ పైకెక్కి, టీ తాగి, పర్మిట్ మీద సంతకం పెట్టి వెళ్ళాడు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మావయ్య మాత్రం వెనక వైపు ఒకచోట నిలబడి కాలు తీయలేదు. "చుక్క పడలేదు కదండీ, ఆ మొహమేంటి?" అన్నాను.

"పడాలండీ. ఒక్కటన్నా పడాలి" అన్నారు. "ఎండిన చెక్కైతే సందులు విచ్చుకుని కారుద్ది. కారట్లేదంటే మేకుల్లోంచి దిగిన నీళ్ళన్నీ ఇదే తాగేస్తా ఉందన్నమాట. ఉబ్బిపోయి సందులు మూసేసింది."

ఉబ్బితే ఏం ప్రమాదమో ఆయన చెప్పలేదు, అప్పటికి నాకది అతిజాగ్రత్త అనిపించింది. మర్నాటి నుంచి లాంచీ రేవులో కట్టేశారు.

ఎందుకని అడిగితే, "దానికి ఒంట్లో బాగోలేదండీ" అనేవారు. వానలు వెళ్ళాక బందరు లాక్కెళ్ళి బాగు చేయిస్తానన్నారు. ఇంకేమీ చెప్పలేదు. జనం మొదట బతిమాలారు, తర్వాత విసుక్కున్నారు. పర్మిట్ గోడకి తగిలించుకుని లాంచీ కట్టేసిన మనిషి వీడేనని రేవులో ఆయన వినేలాగే అనుకున్నారు. ఆయన విని తల దించుకునేవారు. నేను ఇంటికే వెళ్ళి పోట్లాడాను. నెలలు నిండినవాళ్ళు దీవిలో ఎంతమంది ఉన్నారో చెప్పాను. రాత్రికి రాత్రి కాన్పు అడ్డం తిరిగితే నన్నేం చెయ్యమంటారని అడిగాను.

నేల చూస్తూ, "గాలి బాగానే ఉంటా ఉంది కదండీ, ఈ నెల" అన్నారు.

ఆ మాట ఆయన నోట విని నేను లేచి వచ్చేశాను.

ఆ నెలలు నిండినవాళ్ళలో రత్తమ్మకి ఒకరోజు తెల్లారాక నొప్పులు మొదలయ్యాయి. చెయ్యి పెట్టి చూస్తే బిడ్డ అడ్డంగా ఉంది. నా వల్ల అయ్యేది కాదు. మొగుడు మావయ్య దగ్గరికి పరిగెత్తాడు. ఆయన బయటికొచ్చి నది మీద గాలి చూసి, "మంచి గాలి తోలుతోంది నాయనా, పడవ మీద తొందరగా పోతారు, బయల్దేరండి" అన్నారట. గాలి నిజంగానే బాగుంది. తెరచాప నిండుగా ఎత్తింది. రత్తమ్మ, మొగుడు, రత్తమ్మ వాళ్ళ మామ్మ, నేను, పడవవాళ్ళిద్దరు. సగం నది దాటాం. అక్కడ గాలి పడిపోయింది.

ఒక్కసారిగా పడిపోలేదు. తెరచాప కొంచెం వదులైంది, మళ్ళీ బిగిసింది, మళ్ళీ వదులై వేలాడింది. పాటు మొదలై నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. గడకి అడుగు అందదు. తెడ్లు వేస్తే ఉన్నచోట ఉండటమే గగనం. ఎండ మీదికి వచ్చింది. రత్తమ్మ అరవడం మానేసింది. నాకు అరుపు కంటే అదే భయం. మామ్మ మనవరాలి తల ఒళ్ళో పెట్టుకుని, "గాలియ్యి తండ్రీ, గాలియ్యి" అని గొణుగుతూ ఉంది. నేను దేవుణ్ణి అడగలేదు. మావయ్యని తిట్టాను, పైకే తిట్టాను.

అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది. ఒడ్డు నుంచి మా తెరచాప చూస్తూనే ఉన్నారట. లాంచీలో ఒక్కరే వచ్చారు. మమ్మల్ని ఎక్కించుకోలేదు, ఎక్కబోయిన మొగుణ్ణి కూడా కసిరారు. తాడు విసిరి, మా పడవని లాక్కుంటూ నాగాయలంక చేర్చారు. అక్కడి నుంచి బండి మీద అవనిగడ్డ. రత్తమ్మ దక్కింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు. గాలి పడిపోక ముందు చేరి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, ఎవరూ అడగలేదు కనుక నేను చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం మామ్మా నేనూ నాగాయలంక రేవుకి వచ్చాం. రత్తమ్మకి బట్టలు తేవడానికి మామ్మ ఇంటికి వెళ్ళాలి. ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళని రానివ్వరు కనుక మొగుడు ఆసుపత్రి అరుగు మీదే ఉండిపోయాడు. లాంచీ అక్కడే ఉంది. మావయ్య నిన్నటి నుంచి కదిలినట్టు లేదు. మామ్మ వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"పర్మిట్ ఇచ్చారంట కదా మావయ్యా."

"ఇచ్చారమ్మా."

"మరెందుకు కట్టేశావు?"

ఆయన లేచి, లాంచీ ఎక్కి, వెనక వైపు రేకు పట్టీ ఊడబెరికి షీటు అంచు పైకెత్తారు. నేనూ చూశాను. ఆ మామిడి పలకలు నల్లగా, నానిన తెలగపిండిలా ఉన్నాయి. ఆయన వేలు పెడితే కణుపు దాకా దిగింది. "అంతమంది పైన నిలబడితే ఇరిగి కిందోళ్ళ మీద పడుద్దమ్మా" అన్నారు. "నా చేత్తో నేనే నూనె పోసి, నేనే మేకులు కొట్టి కుళ్ళబెట్టుకున్నాను. ఏ మొహంతో చెప్పను?"

మామ్మ వంగి తన వేలూ పెట్టి చూసింది. ఆ వేలు కోకకి తుడుచుకుంది.

"ఇదా" అంది. "ఇది మాకు చెప్పలేకపోయావా? ఎక్కేవాళ్ళం."

"ఇరుగుద్దమ్మా, చెప్తున్నాను కదా."

"ఎక్కేవాళ్ళం మావయ్యా. ఎక్కడ అడుగెయ్యాలో చెప్తే, అక్కడే అడుగేసుకుంటా ఎక్కేవాళ్ళం."

ఆయన షీటు అంచు వదల్లేదు. పట్టుకునే కూర్చుండిపోయారు. నేను ఆయన్ని ఓదార్చలేదు. ఇన్నాళ్ళూ నా కోపమంతా ఇక్కడే ఉంది. చెక్క కుళ్ళినందుకు కాదు, సిగ్గుపడి నోరు మూసుకున్నందుకు. ఒక్క మాట చెప్పి ఉంటే! ఈ మాట ఆయన బతికుండగా అనలేదు. అనాల్సిన పని లేకపోయింది, మామ్మ అనేసింది.

ఆ సాయంత్రం మేం పడవలో దీవి చేరాం, ఆయన ఖాళీ లాంచీ వెనకే తెచ్చారు. మర్నాడు పొద్దున దీవి రేవులో జనం పోగయ్యారు. మావయ్య చీకట్లోనే లేచి, కింది గదిలో దూరి, డెక్కుని మోసే అడ్డదూలాలు ఎక్కడెక్కడున్నాయో తడిమి చూసి, పైన పచ్చ షీటు మీద సరిగ్గా వాటి వెంబడే సున్నంతో గీతలు గీశారు. ఒడ్డున నిలబడి అందరికీ వినిపించేలా చెప్పారు. "గీత మీద అడుగెయ్యండి. గీత తప్పితే ఇరుగుద్ది, కింద కుళ్ళిపోయింది, నా తప్పే. గంపలు పెట్టొద్దు. కింది గదిలో ఎవరూ దిగొద్దు. ఇష్టం లేనోళ్ళు ఎక్కొద్దు."

ఎవరూ కదల్లేదు. పర్మిట్ ఉన్న లాంచీ అది. అందరికీ ఎక్కే హక్కుంది, ఒక్కరికీ ధైర్యం లేదు.

మామ్మ రత్తమ్మ బట్టల మూట నెత్తిన పెట్టుకుని, కోక కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, మొదటి గీత మీద కాలు పెట్టింది. చెక్క మూలిగింది. రెండో గీత మీద పెట్టింది. చివరి గీత దాకా వెళ్ళి, దాని మీదే గొంతుక్కూర్చుంది. తర్వాత ఇంకో ఆవిడ. తర్వాత మగవాళ్ళు ఒక్కొక్కరుగా, ఒకరి భుజం ఒకరు పట్టుకుని. నేనూ ఎక్కాను. అంతా గీతల మీద వరసల్లో ముడుచుకుని కూర్చున్నాం.

మావయ్య ఇంజను హేండిలు పట్టుకుని నిలబడ్డారు. తిప్పలేకపోతున్నారు. అందరం ఆయన వైపే చూస్తున్నాం, ఆయన మాత్రం ఎవరినీ చూడట్లేదు.

మామ్మ తల తిప్పకుండానే అంది. "ఆసుపత్రిలో పిల్ల ఒక్కతే ఉంది. ఇంజనెయ్యి మావయ్యా."

ఆయన ఇంజను వేశారు.